తలుపు ఎత్తొక్కటే చాలదు: ఇంజనీర్ల సాఫ్ట్‌వేర్‌పై పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే వైపు మొగ్గాయి. ఏళ్ల తరబడి ఒక పని చేసి చేయి తిరిగిన ఇంజనీరుకు కంప్యూటరు సాధనం తయారుచేసి ఇవ్వాలంటే ఎలా మొదలుపెట్టాలి, ఇచ్చాక ఆయన దాన్ని ఎందుకు పక్కన పెడుతున్నారు అన్నదే వాటి సారాంశం. కాలువల వాళ్లు, గ్యాస్ వాళ్లు, బిల్డింగు డిజైన్ల వాళ్లు ఎవరి బాధ వాళ్లు రాశారు. ఒకదానికొకటి తగిలే ఉత్తరాలను ఏరి ఇస్తున్నాం.

ప్రశ్న: మేం ముగ్గురం కలిసి కాలువల మీద పనిచేసే ఇంజనీర్ల కోసం ఒక ప్రోగ్రాం రాశాం. తూము దగ్గర ఎగువ మట్టం, తలుపు ఎత్తు కొడితే ఎన్ని క్యూసెక్కులు వెళ్తున్నాయో చెప్పేస్తుంది. లెక్కలో తప్పు లేదు, మాస్టారికి కూడా చూపించాం. చూసినవాళ్లంతా "బాగుందయ్యా" అంటారు. మర్నాడు వెళ్తే మళ్లీ జేబులోంచి పాత నోటుబుక్కే తీస్తున్నారు. లోపం ఎక్కడుంది?
— ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, అమలాపురం

జవాబు: ఆ నోటుబుక్కులోనే ఉంది. దాన్ని ఒకసారి చూపించమని అడగండి. మీరు రెండు అంకెలు అడుగుతున్నారు కదా, ఆయన పుస్తకంలో నాలుగు వరసలుంటాయి. ఎగువ మట్టం, తలుపు ఎత్తు, దిగువ మట్టం, చివర్న "తూడు పట్టింది", "రెండో తలుపు కిందికి ఆనడం లేదు" లాంటి మాటలు. మీ ప్రోగ్రాంలో లేనివి ఆ చివరి రెండూ. డెల్టాలో నీళ్లు పారించేదేమో సరిగ్గా వాటి మీదే.

ఒక లెక్క చూద్దాం. మీటరు వెడల్పున్న తలుపును 30 సెంటీమీటర్లు ఎత్తారు. దిగువన నీళ్లు అడ్డు లేకుండా పడిపోతున్నాయి. తలుపు కింద సందు మధ్య నుంచి ఎగువన మీటరు ఎత్తు నీరుంది. తూము తీరును బట్టి మారే గుణకం 0.6 అనుకుంటే, 0.6ను 0.3తో, దాన్ని (2 × 9.81 × 1) వర్గమూలంతో హెచ్చిస్తే సెకనుకు 0.8 ఘనపు మీటర్లు వస్తాయి, అంటే 28 క్యూసెక్కులు. మీ ప్రోగ్రాం చెప్పేది ఇదే. ఇప్పుడు దిగువన అర కిలోమీటరు దూరంలో గుర్రపుడెక్క పేరుకుంది. నీరు వెనక్కి తన్ని తలుపు మునిగింది. ఎగువకు దిగువకు తేడా పావు మీటరే మిగిలింది. అప్పుడు వర్గమూలం కింద పెట్టాల్సింది ఎగువ ఎత్తు కాదు, ఆ తేడా. జవాబు సగానికి, 14 క్యూసెక్కులకు పడిపోతుంది. తలుపు అంగుళం కూడా కదల్లేదు, ఎగువ గేజి (నీటిమట్టం చూపే పలక) మారలేదు, మీ తెర మీద 28 అలాగే ఉంది. శివారు రైతు మాత్రం బోదెలో నీళ్లు లేవని ఫోను చేస్తున్నాడు. అలాంటి ఫోను ఒక్కటి వస్తే చాలు, ఇంజనీరు మీ ప్రోగ్రాంను మళ్లీ తెరవరు. తెరవకపోవడం సబబే.

కాబట్టి దిగువ గేజిని తప్పనిసరి చేయండి. ఆ అంకె అందుబాటులో లేని పూట 28 అని ఒకే అంకె వేయకుండా "14 నుంచి 28 మధ్య, దిగువ మట్టం తెలియదు" అని చూపించండి. ఇంజనీరుకు ఇది వెలితిగా కనిపించదు. ఆయన తలలో ఉన్నది కూడా ఇలాంటి అంచనాయే. గుణకాన్ని లోపల దాచిపెట్టకండి. ఏ తూముకు ఎంత వాడుతున్నారో తెర మీదే ఉండాలి, ఆయన మార్చుకోగలగాలి, మార్చిన తేదీ, కారణం పక్కనే నిలవాలి. ఆ తూము దగ్గర నీటి వేగం కొలిచే కరెంటు మీటరు దించి ప్రవాహం కొలిచిన రోజులుంటే ఆ కొలతలను చుక్కలుగా, మీ సూత్రాన్ని గీతగా ఒకే గ్రాఫులో వేయండి. చుక్కలు గీత మీద కూర్చున్నాయో పక్కకు జరిగాయో అనుభవజ్ఞుడికి చూపు పడగానే తెలిసిపోతుంది. పది పేజీల సహాయ పుస్తకం కన్నా ఆ ఒక్క గ్రాఫు ఎక్కువ నమ్మకం తెస్తుంది.

ఇంకో పొరపాటు, ఇది దాదాపు అందరూ చేసేదే. మీరు తలుపు ఎత్తు అడిగి ప్రవాహం చెబుతున్నారు. ఆయన పని మొదలయ్యేది అటువైపు నుంచి. వంతు ప్రకారం ఈ కాలువకు ఇన్ని క్యూసెక్కులు ఇవ్వాలని ముందే ఉంటుంది, తలుపు ఎంత ఎత్తాలన్నదే ప్రశ్న. పై ఉదాహరణలో తలుపు మునిగి ఉన్నప్పుడు 28 క్యూసెక్కులు కావాలంటే 30 బదులు 60 సెంటీమీటర్లు ఎత్తాలి. అదీ అక్కడితో ఆగదు. ఎత్తగానే దిగువ మట్టం ఇంకొంచెం పెరుగుతుంది, తేడా తగ్గుతుంది, మళ్లీ ఎత్తాల్సి వస్తుంది. అందుకే ప్రోగ్రాం ఒక్కసారి జవాబిచ్చి చేతులు దులుపుకోకూడదు. "60 దాకా ఎత్తండి, దిగువ గేజి నిలకడపడ్డాక మళ్లీ కొట్టండి" అనాలి, రెండోసారి కొట్టినప్పుడు మొదటి అంకెలు పక్కనే కనిపించాలి.

"తర్వాత" బటను నొక్కుకుంటూ ఒక్కో పేజీలో ఒక్కో అంకె అడిగే పద్ధతి కొత్తవాళ్లకు బాగుంటుంది. రోజుకు ఇరవై తూముల లెక్క చూసేవాళ్లకు అది నరకం. వాళ్లకు అన్నీ ఒకే తెర మీద, ఏ గడి నుంచైనా మొదలుపెట్టగలిగేలా, ఎంటర్ కొడితే కింది తూముకు దిగేలా ఇవ్వండి. అంకెలు కిక్కిరిసి ఉన్నాయని డిజైనర్లు కంగారు పడతారు. గేజి రిజిస్టరు చూడండి, అంతకన్నా కిక్కిరిసిన కాగితం ఉండదు. దాన్ని చదవడం వాళ్లకు కొట్టినపిండి.

ప్రశ్న: కాలువ గట్ల మీద కాపలా ఉండే లస్కర్లు రోజూ మూడు పూటలా గేజి చూసి ఫోనులో నింపాలని ఒక యాప్ పెట్టుకున్నాం. అంకెలు తప్పుల తడకగా వస్తున్నాయి. శిక్షణ రెండుసార్లు ఇచ్చాం. ఇంకేం చేయాలి?
— ఒక అసిస్టెంట్ ఇంజనీరు, తణుకు

జవాబు: మూడోసారి శిక్షణ మాత్రం ఇవ్వకండి. తప్పులను ఒక వారం పాటు కాగితం మీద రాసి విడదీయండి. ఒకే మూస తప్పు పదేపదే కనిపిస్తే అది మనిషిది కాదు, గడిది.

మొదట అడుగులు, అంగుళాల సంగతి. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులని అందరికీ తెలుసు. అది 11 అడుగుల 9 అంగుళాలు. అంగుళాల్లో చూడటం అలవాటైన చేయి ఫోనులో ఏం కొడుతుంది? 11.9. యాప్ దాన్ని దశాంశంగా తీసుకుంటుంది, 0.15 అడుగు ఎక్కువైపోతుంది. 11 అడుగుల 10 అంగుళాలను 11.10 అని కొడితే ఇంకా అన్యాయం. నీరు అంగుళం పెరిగితే యాప్‌లో తొమ్మిది అంగుళాలకు పైగా పడిపోయినట్టు కనిపిస్తుంది. గడిని రెండుగా చీల్చండి: అడుగులకు ఒకటి, అంగుళాలకు ఒకటి. అంగుళాల గడిలో 0 నుంచి 11 దాకా బటన్లే ఉండాలి. మీ గేజి పలక దశాంశ అడుగుల్లో గీసి ఉంటే మాత్రం ఈ పని చేయకండి. పలక మీద ఏ గీతలున్నాయో తెర మీదా అవే ఉండాలి. వీలైతే పలక బొమ్మ వేసి నీటి గీతను వేలితో జరపనివ్వండి.

గొంతుతో చెప్పించాలనుకుంటే, ఫోను వినాల్సింది పలక ముందు నిలబడ్డ మనిషి మాట. ఆయన "పదకొండూ ముప్పావు" అంటాడు, "పదకొండు పాయింట్ ఏడు ఐదు" అనడు. పావు, అర, ముప్పావు పోల్చుకోలేని గొంతు సాఫ్ట్‌వేర్ గట్టు మీద పనికిరాదు. పోల్చుకున్నా సరే, "11 అడుగుల 9 అంగుళాలు, సరేనా?" అని తిరిగి చదివి వినిపించాలి.

రెండోది సమయం. గట్టు మీద సిగ్నల్ లేక లస్కరు ఆరింటికి చూసిన అంకె ఎనిమిదింటికి పైకి వెళ్తుంది. యాప్ ఎనిమిదనే రాసుకుంటుంది. వరద రోజుల్లో ఆ రెండు గంటల తేడా మొత్తం లెక్కను తిప్పేస్తుంది. చూసిన సమయం వేరు, చేరిన సమయం వేరు. రెండూ నిలవ చేయండి, గ్రాఫును మాత్రం చూసిన సమయం మీదే గీయండి. సిగ్నల్ ఉన్నా లేకపోయినా అంకె ముందు ఫోనులో పడాలి.

మూడోది, కొత్త అంకె నిన్నటికి బాగా దూరంగా ఉంటే యాప్ ఏం చేస్తోంది? చాలా యాప్‌లు "చెల్లదు" అని తోసేస్తాయి. ఎర్రనీరు వచ్చిన రోజున నిజమైన అంకే దూరంగా ఉంటుంది. తోసేసే యాప్‌తో విసిగిపోయి లస్కరు అది ఒప్పుకునే అంకె ఏదో వేసి ఇంటికి పోతాడు. అందుకని అడగాలే తప్ప అడ్డుపడకూడదు: "ఉదయం కన్నా రెండడుగులు ఎక్కువ, నిజమేనా?" అవునంటే తీసుకుని, గుర్తు పెట్టి, మీకు చూపించాలి.

ఎండలో తెర కనిపించాలంటే తెల్ల నేల మీద నల్ల అక్షరాలే మేలు. బటను 9 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. వాన చినుకులు పడితే తాకుడు తెర దానంతటదే నొక్కుకుంటుంది, కాబట్టి చివరి "పంపు" బటనును ఒక క్షణం అదిమి పట్టుకుంటేనే పనిచేసేలా పెట్టండి. ఒక చేత్తో గొడుగు పట్టుకున్న మనిషి రెండో చేతి బొటనవేలితో అంతా చేయగలగాలి. ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుని పరీక్షిస్తే ఇవేవీ బయటపడవు.

ప్రశ్న: గేజిలన్నిటినీ ఒకే పటంలో చూపిస్తున్నాం. అన్నింటికీ ఆకుపచ్చ, పసుపు, ఎరుపు పెట్టాం. సీనియర్లకు నచ్చలేదు.
— అదే ఊరి నుంచి మరొకరు

జవాబు: భద్రాచలంలో మొదటి హెచ్చరిక 43 అడుగులు, ధవళేశ్వరంలో 11.75. రెండూ "మొదటి హెచ్చరిక"లే, రెండు పలకల సున్నాలు వేరు. రంగు ఒక్కటే చూపిస్తే ఎక్కడ ఎంత వెసులుబాటు మిగిలిందో తెలియదు. మట్టం అంకె, పై హెచ్చరికకు ఇంకా ఎంత ఉందో ఆ అంకె, గత కొన్ని గంటల్లో ఎక్కుతోందో దిగుతోందో ఒక చిన్న గీత, ఈ మూడూ ఉంటే రంగు లేకపోయినా పని జరుగుతుంది. ఆకుపచ్చను తీసేయండి. అంతా బాగున్నప్పుడు తెర బూడిద రంగులో నిశ్శబ్దంగా ఉండాలి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని కళ్లు మగవాళ్లలో అరుదేమీ కాదు, అందుకని రంగుతో పాటు ఆకారం కూడా మార్చండి.

ప్రశ్న: ప్రాజెక్టు కోసం సీనియర్ ఇంజనీర్లను ఇంటర్వ్యూ చేస్తున్నాను. "ఎలా నిర్ణయిస్తారు సార్" అంటే "అనుభవం మీద వస్తుందమ్మా" అంటున్నారు. ఏ ఫీచర్లు కావాలన్నా "మీరే చూడండి" అంటున్నారు. ఏం రాసుకోవాలి?
— ఇంజనీరింగ్ విద్యార్థిని, కాకినాడ

జవాబు: రెండు ప్రశ్నలూ మానేయమ్మా. మొదటిదానికి ఆయన దగ్గర నిజంగానే జవాబు లేదు. సైకిలు ఎలా తొక్కుతావంటే ఎవరు మాత్రం ఏం చెబుతారు? రెండోదానికి జవాబు చెప్పడం ఆయన పని కాదు, అది నీ పని.

ఒక్క సంఘటన పట్టుకో. "ఈ మధ్య మీకు బాగా ఇబ్బంది పెట్టిన రోజు ఒకటి చెప్పండి" అని అడుగు. మామూలు రోజు వద్దు. మనస్తత్వవేత్త గ్యారీ క్లైన్, ఆయన సహచరులు 1980లలో అగ్నిమాపక దళాల అధికారులతో పనిచేస్తూ ఇలాంటి ఇంటర్వ్యూకు ఒక పద్ధతి కుదిర్చారు. అదే సంఘటనను నాలుగుసార్లు చుట్టి రావాలి. మొదటిసారి అడ్డుపడకుండా మొత్తం విను. రెండోసారి కాగితం మీద గీత గీసి గంటల వారీగా ఏం జరిగిందో ఇద్దరూ కలిసి పెట్టండి. ఇక్కడే "ఆగు, అంతకుముందే ఫోను వచ్చింది" లాంటివి బయటికొస్తాయి. మూడోసారి గీత మీద ప్రతి మలుపు దగ్గరా ఆగి అడుగు: అప్పుడు ఏం చూస్తున్నారు, ఏ అంకె మీద అనుమానం వచ్చింది, ఇంకేం చేయొచ్చనుకున్నారు, ఎందుకు వద్దనుకున్నారు. నాలుగోసారి, "మీ స్థానంలో నిరుడు చేరిన ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) ఉంటే ఎక్కడ పొరబడేవాడు?" అనుభవం అన్న మాట వెనక ఏముందో ఈ ఆఖరి ప్రశ్నకే ఎక్కువగా బయటపడుతుంది. "నీళ్ల రంగు చూడకుండా గేజి ఒక్కటే నమ్మేవాడు" అన్నారనుకో, నీ తెర మీద లేని సమాచారం ఒకటి దొరికినట్టే.

ఒక్కొక్కరికి దాదాపు రెండు గంటలు పడుతుంది. ఆఫీసులో కాదు, పని జరిగే చోట కూర్చో. ఆయన వాడే కాగితాలు, గోడ మీద అంటించిన చీటీలు, ఫోనులో ఎవరికి ముందు చేస్తారో అన్నీ రాసుకో. చీటీ అంటించారంటే ఉన్న సాఫ్ట్‌వేర్‌లో అక్కడ ఏదో చిల్లు ఉన్నట్టు. ఫొటో తీసేముందు అనుమతి అడుగు. పేర్లు నీ నోట్సులో కూడా వద్దు. తమ పొరపాట్లు పై అధికారికి చేరతాయన్న భయం ఉంటే ఎవరూ నోరు విప్పరు.

తర్వాత కాగితం మీద తెరలు గీసి, ఆయన చెప్పిన ఆ రోజునే మళ్లీ ఆడించు. "ఇప్పుడు ఐదయింది, మీకు ఈ తెర కనిపిస్తోంది, ఏం చేస్తారు? మనసులో ఏమనుకుంటున్నారో పైకి అంటూ చేయండి." ఎంతమంది అంటే, సాఫ్ట్‌వేర్ వాడుక పరీక్షల నిపుణుడు జేకబ్ నీల్సన్ చెప్పిన ఐదుగురి లెక్క నువ్వూ వినే ఉంటావు. ఒక్కో లోపం ఒక్కో మనిషికి తగిలే అవకాశం 31 శాతం అనుకుంటే ఐదుగురితో 85 శాతం దాకా దొరుకుతాయన్నది ఆ లెక్క. కానీ ఆ ఐదుగురూ ఒకే పని చేసేవాళ్లై ఉండాలి. ఇద్దరు ఏఈలు, ఒక ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు), ఇద్దరు లస్కర్లను కలిపి ఐదుగురంటే లెక్క తప్పు.

ప్రశ్న: గ్యాస్ సేకరణ కేంద్రంలో షిఫ్టు ఇంజనీరుని. కొత్త కంట్రోల్ సిస్టమ్ వచ్చాక అలారాలు ఆగవు. మేం బజరు నొక్కేసి పని చేసుకుంటున్నాం. ఇది ప్రమాదమని తెలుసు. విక్రేతను అడిగితే అన్నీ అవసరమే అంటున్నారు.
— కోనసీమ నుంచి

జవాబు: విక్రేతకు ప్రతి అలారమూ ఉచితమే, వాటి వెల కట్టేది షిఫ్టులో కూర్చున్న మీరు. వాదన పెట్టుకోకుండా అంకెలు బయటికి తీయండి.

ఒక నెల అలారం చిట్టాను ఎక్సెల్‌లోకి దించి ఏ పరికరం ఎన్నిసార్లు మోగిందో వరసలో పెట్టండి. మొదటి పది పేర్లే మొత్తంలో పెద్ద వాటా మింగేసి ఉండటం మామూలుగా కనిపించేదే. బ్రిటన్‌లో ఇంజనీరింగ్ పరికరాలు వాడే కంపెనీల సంఘం ఈఈఎంయూఏ అలారాలపై ఇచ్చిన 191వ మార్గదర్శిక ప్రకారం మామూలుగా నడుస్తున్న వేళ ఒక ఆపరేటరుకు పది నిమిషాలకు ఒక అలారం లోపైతే భరించదగ్గది. మీ అంకెను దాని పక్కన పెట్టి చూపిస్తే మీటింగులో మాట మారుతుంది.

తర్వాత ఆ పదింటినీ ఒక్కొక్కటిగా పట్టండి. మోగి ఆగి మళ్లీ మోగేవాటికి కారణం దాదాపుగా హద్దు దగ్గర ఊగే కొలతే. 80 దగ్గర మోగి 79.9కి ఆగి మళ్లీ 80కి మోగుతుంది. ఆగడానికి వేరే హద్దు, అంటే డెడ్‌బ్యాండ్ పెట్టాలి. ట్యాంకు మట్టానికి, ప్రవాహానికి కొలత పరిధిలో 5 శాతం, ఒత్తిడికి 2, ఉష్ణోగ్రతకు 1 శాతంతో మొదలుపెట్టడం వాడుకలో ఉన్న పద్ధతి. అలాగే మోగేముందు కాస్త ఆగడం: మట్టం, ఉష్ణోగ్రత అయితే 60 సెకన్లు, ఒత్తిడి, ప్రవాహం అయితే 15. ఇవి మొదలుకు మాత్రమే. నిమిషంలో పని ముంచేసే చిన్న పాత్రకు 60 సెకన్ల ఆలస్యం పెట్టారో, మీ పని మీరే చెడగొట్టుకున్నట్టు. ప్రతి మార్పూ ప్రాసెస్, భద్రత విభాగాల సంతకాలతోనే జరగాలి.

మిగిలినవాటికి ఒకే పరీక్ష: ఇది మోగితే నేనేం చేయాలి, ఎంతసేపట్లో చేయాలి? జవాబు "ఏమీ లేదు" అయితే అది అలారం కాదు, చిట్టాలో ఒక వరసగా ఉంటే చాలు. మిగిలినవాటిలో అత్యవసరం 5 శాతం, మధ్యస్థం 15, మామూలు 80 దగ్గర కుదిరితే మంచి పంపకం.

ఇంకొకటి, అలారాల కన్నా ముఖ్యం. మీ తెర మీద "వాల్వు మూసుకుంది" అన్న గుర్తు ఎక్కడి నుంచి వస్తోందో వైరు పట్టుకుని వెళ్లి చూడండి. 1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్ అణు కేంద్రంలో ఒత్తిడి తగ్గించే రిలీఫ్ వాల్వు తెరుచుకుని ఇరుక్కుంది. మూసుకొమ్మన్న ఆజ్ఞ వెళ్లగానే ప్యానెల్ మీద దీపం ఆరింది. ఆ దీపానికి తెలిసింది ఆజ్ఞ మాత్రమే, వాల్వు స్థితి కాదు. రెండు గంటలకు పైగా నీళ్లు పోతూనే ఉన్నాయి, కొద్ది నిమిషాల్లోనే వందకు పైగా అలారాలు మోగాయి. ఆజ్ఞకు ఒక గుర్తు, వాల్వు నిజంగా కదిలిందో లేదో పట్టే లిమిట్ స్విచ్చి చెప్పిన స్థితికి వేరే గుర్తు పెట్టండి. రెండూ కలవకపోతే అది మోగాల్సిన అలారం. బ్యారేజీ గేట్లకూ ఇదే వర్తిస్తుంది. ధవళేశ్వరంలో నాలుగు పాయల మీద ఉన్న 175 గేట్లను ఒకే తెరలో చూపించాలన్నా, ఒక్కో గేటుకు సన్నని నిలువు గీత, దాని మీద చెప్పిన ఎత్తు ఒక అడ్డగీత, చేరిన ఎత్తు ఒక నింపు. 174 సమంగా ఉండి ఒకటి ఆగిపోతే వెతక్కుండానే కన్ను పట్టేస్తుంది.

ప్రశ్న: మా డిజైన్ ఆఫీసులో జూనియర్లు సాఫ్ట్‌వేర్ ఇచ్చిన జవాబును వేదంలా చూస్తున్నారు. మా పనికి తగ్గట్టు ఎక్సెల్‌లో ఒక తనిఖీ షీటు చేద్దామనుకుంటున్నాను. అందులో ఏముండాలి?
— స్ట్రక్చరల్ ఇంజనీరు, భీమవరం

జవాబు: జవాబు ఉండకూడదు! అంటే, జూనియరు ముందు తన అంచనా రాసేదాకా సాఫ్ట్‌వేర్ అంకె కనిపించకూడదు. 6 మీటర్ల దూలం, మీటరుకు 20 కిలోన్యూటన్ల బరువు, రెండు చివరలా ఊరికే ఆనించి ఉంది. నడిమధ్య బెండింగ్ మూమెంటు (వంచే ప్రభావం) 20 × 36 ÷ 8, అంటే 90 కిలోన్యూటన్ మీటర్లు. ఒక్కో ఆధారం మీద 60 కిలోన్యూటన్లు. ఇది కాగితం మీద అర నిమిషం పని. సాఫ్ట్‌వేర్ 30 చూపిస్తే చివరలు బిగించినట్టు పెట్టారేమో చూడాలి, 900 చూపిస్తే కొలత ప్రమాణాలు (యూనిట్లు) చూడాలి. షీటులో మొదటి వరస మొత్తం బరువు ఎంత, ఆధారాల మీద వచ్చింది ఎంత, తేడా ఎంత. రెండో వరస పునాది ఊహ: మీ నల్లరేగడిలో ఆధారాన్ని కదలనిదిగా పెట్టారా, ఎందుకు. దీనికి మాటల్లోనే జవాబు రాయాలి, అవును, కాదు గడి వద్దు. గడి పెడితే అందరూ అవుననే నొక్కుతారు.

పెద్ద ఉదాహరణ కావాలంటే నార్వే తీరంలో స్లైప్‌నర్ ఏ అనే సముద్రపు గ్యాస్ వేదిక కాంక్రీటు పునాది కట్టడం ఉంది. 1991 ఆగస్టు 23న పరీక్ష కోసం దించుతుండగా గోడ చీలి మునిగిపోయింది. కంప్యూటరు విశ్లేషణలో గోడలు కలిసే చోట జాలం (లెక్క కోసం కట్టడాన్ని చిన్న ముక్కలుగా విడదీసే వల) ముతకగా ఉండి, కోత ఒత్తిడి 47 శాతం తక్కువగా వచ్చిందని తర్వాత తేలింది. ఆ ముతకదనాన్ని తెర మీద చూపించి ఉంటే అనుభవమున్న కన్ను అక్కడ ఆగేదేమో. ఎక్కువ సాఫ్ట్‌వేర్లు రంగుల బొమ్మను నునుపుగా చేసి చూపిస్తాయి. ఆ నునుపును ఆపి ముడి విలువలు చూసే మీట ఎక్కడుందో మీ జూనియర్లకు మొదటి రోజే చూపించండి.

ప్రశ్న: తెర తెలుగులో ఉండాలా, ఇంగ్లీషులోనా?
— నరసాపురం నుంచి ఒక పాఠకుడు

జవాబు: నోట్లో ఉన్న మాట తెర మీద ఉండాలి. "డిశ్చార్జి"ని ఉత్సర్గమంటే ఈఈ గారికీ అర్థం కాదు, లస్కరుకూ అర్థం కాదు. తెలుగు లిపిలో డిశ్చార్జి, గేజి, తూము, లాకు, ఎస్కేపు అని వాళ్లన్నట్టే రాయండి. అంకెలు 1, 2, 3లే.

ప్రశ్న: వరద సమయంలో ఏ గేటు ఎంత ఎత్తాలో కృత్రిమ మేధ సూచించే వ్యవస్థ గురించి చర్చ నడుస్తోంది. అనుభవమున్నవాళ్లు దాన్ని వాడేలా ఎలా రూపొందించాలి?
— పదవీ విరమణ చేసిన ఇంజనీరు, రాజమహేంద్రవరం

జవాబు: అయ్యా, ఈ చిక్కును మనస్తత్వవేత్త లిసాన్ బైన్‌బ్రిడ్జ్ 1983లోనే ఒక వ్యాసంలో విప్పి చెప్పారు. తేలిక పనులన్నీ యంత్రానికి ఇచ్చేస్తే మనిషికి మిగిలేది యంత్రం చేతులెత్తేసిన క్లిష్ట పరిస్థితి. అప్పటికి రోజువారీ పని తప్పిపోయి అతని చేయి మొద్దుబారి ఉంటుంది. దానికి విరుగుడు తెర రూపంలోనే కొంత ఉంది.

మామూలు రోజుల్లో ముందు ఇంజనీరు తన నిర్ణయం పెట్టాలి, తర్వాతే యంత్రం సూచన కనిపించాలి. తేడా ఎక్కువైన రోజులే మాట్లాడుకోవాల్సినవి. వరదలో అంత తీరిక ఉండదు కాబట్టి సూచన వెంటనే రావచ్చు, కానీ ఒంటరిగా రాకూడదు. ఏ గేజిల మీద ఆధారపడింది, వాటిలో ఏది ఎంతసేపటి పాతది, ఈ సూచన పాటిస్తే పై, కింది మట్టాలు గంటల వారీగా ఎలా ఉంటాయి, పాటించకపోతే ఎలా ఉంటాయి అన్నవి పక్కపక్కనే రావాలి. నేర్చుకున్న లెక్కల హద్దు దాటితే ఆ మాట పెద్ద అక్షరాల్లో చెప్పాలి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. మూడో ప్రమాద హెచ్చరికకు లెక్క 17 లక్షలు, దానికి ఇది రెట్టింపు. అలాంటి రోజులు పాత రికార్డుల్లో వేళ్ల మీద లెక్కపెట్టేన్నే ఉంటాయి. ఆ రోజున యంత్రం ఎంత ధీమాగా మాట్లాడినా ఆ ధీమాకు ఆధారం పలచనే.

సూచనను కాదనడం ఒక్క నొక్కుతో అయిపోవాలి. కారణం అడగండి, కానీ నాలుగు బటన్లలో: గేజి నమ్మకం లేదు, గేటు పనిచేయదు, దిగువన మనుషులున్నారు, ఇతరం. పేజీడు వివరణ రాయమంటే రాత్రి రెండింటికి ఎవరైనా సూచననే ఒప్పుకుంటారు. ఆ కారణాలను వరద తగ్గాక కూర్చుని చదవాల్సింది ప్రోగ్రాం రాసినవాళ్లు. వాటిని ఇంజనీరు పనితీరు నివేదికలో కలిపారంటే, రెండో వరదకల్లా అందరూ "ఇతరం" నొక్కుతారు.